రెండు ఆదివారాల మధ్య

ప్రజాస్వామ్యంలో పౌరుడు తన అభిప్రాయాన్ని వెల్లడించడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. అవి ఓటు, చర్చ, నిరసన. వీటిలో ఒకటి చేయవలసిన పనిని మరొకటి పూర్తిగా చేయలేదు. 2002వ సంవత్సరంలో ఫ్రాన్సు దేశంలో జరిగిన అధ్యక్ష ఎన్నిక ఈ సత్యానికి చక్కని నిదర్శనం.

మన రాష్ట్రపతిని పార్లమెంటుకు, రాష్ట్ర శాసనసభలకు ఎన్నికైన సభ్యులు ఎన్నుకుంటారు. ఫ్రాన్సులో అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. మొదటి విడతలో ఏ అభ్యర్థికీ సగానికి మించి ఓట్లు రాకపోతే, మొదటి రెండు స్థానాలలో నిలిచిన వారి మధ్య రెండు వారాల తరువాత మలివిడత ఎన్నిక జరుగుతుంది.

2002 ఏప్రిల్ 21, ఆదివారం. పోటీలో 16 మంది అభ్యర్థులున్నారు. అధ్యక్షుడు జాక్ షిరాక్, ప్రధానమంత్రి లియోనెల్ జోస్పాన్ మలివిడతలో తలపడడం ఖాయమని దాదాపు అందరూ భావించారు. ఫలితం తెలిసినదే కదా అనే ఉదాసీనత ఎందరినో ఇంటనే నిలిపింది. వామపక్షాన్ని అభిమానించే మరికొందరు, అసలు పోటీ మలివిడతలోనే కదా అనుకొని, చిన్న పార్టీల అభ్యర్థులకు ఓటు వేశారు. ఆ రాత్రి వెలువడిన ఫలితం దేశాన్ని దిగ్భ్రాంతికి గురిచేసింది. షిరాక్‌కు 19.88 శాతం, వలసలను తీవ్రంగా వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ నాయకుడు జాన్ మరీ లె పెన్‌కు 16.86 శాతం, జోస్పాన్‌కు 16.18 శాతం ఓట్లు లభించాయి. ప్రధానమంత్రి మూడవ స్థానంలో మిగిలిపోయారు.

లె పెన్, జోస్పాన్‌ల మధ్య అంతరం 2 లక్షల ఓట్లకు లోపే. ఆనాడు ఓటు వేయని వారి సంఖ్య 1.1 కోట్లకు పైమాటే. వారిలో ప్రతి యాభై మందికి ఒక్కరు వెళ్లి జోస్పాన్‌కు ఓటు వేసి ఉన్నా ఫలితం మరోలా ఉండేది.

ఆ రాత్రే జనం వీధులలోకి వచ్చారు. తరువాతి రోజులలో విద్యార్థులు ఊరూరా ఊరేగింపులు జరిపారు. వారిలో ఓటుహక్కు వయస్సు రాని ఉన్నత పాఠశాల విద్యార్థులు ఎందరో ఉన్నారు. పెద్దలు వేయని ఓటుకు బదులుగా పిల్లలు నినదించవలసి వచ్చింది. మే 1న దేశవ్యాప్తంగా పది లక్షల మందికి పైగా ప్రదర్శనలలో పాల్గొన్నారు.

1974 నుండి మలివిడత అభ్యర్థులు టెలివిజన్‌లో ముఖాముఖి చర్చించడం ఆనవాయితీగా వస్తున్నది. 1981, 1988, 1995 ఎన్నికలలోనూ అది కొనసాగింది. 2002లో షిరాక్ అందుకు నిరాకరించారు. అసహనంతో, ద్వేషంతో చర్చ సాధ్యం కాదన్నది ఆయన వాదం. ఓటర్లు విని తేల్చుకోవలసిన విషయాన్ని వినిపించకపోవడం సమంజసం కాదన్నది ఎదుటివారి వాదం.

మే 5, రెండవ ఆదివారం. ఈసారి దాదాపు 80 శాతం మంది ఓటు వేశారు. షిరాక్ విధానాలను అంతవరకు విమర్శించిన వామపక్షీయులు సైతం ఆయనకే ఓటు వేశారు. 82.21 శాతం ఓట్లతో షిరాక్ విజయం సాధించారు. నిరసన ఓటుగా మారినందువల్లనే అది సఫలమైంది. అయితే లె పెన్‌కు వచ్చిన ఓట్లు తగ్గలేదు. 48 లక్షల నుండి 55 లక్షలకు పెరిగాయి. ఊరేగింపు ఆయనను ఓడించగలిగింది గాని, ఆయన వెంట నిలిచిన వారి మనస్సులను మార్చలేకపోయింది.

2017లో, 2022లో ఆయన కుమార్తె మరీన్ లె పెన్ మలివిడతకు చేరారు. ఆ రెండుసార్లూ చర్చ జరిగింది. ఆమె పరాజయం పొందినా, 2022లో 41.45 శాతం ఓట్లు సాధించారు. ఆ మలివిడతలో ఓటు వేయనివారు మళ్లీ 28 శాతం! ఒక తరం నేర్చిన పాఠాన్ని తరువాతి తరం తానుగా మళ్లీ నేర్వవలసిందే.

మన దేశంలో 61వ రాజ్యాంగ సవరణ ఓటుహక్కు వయస్సును 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గించింది. విద్యార్థులారా! త్వరలో మీరూ ఓటర్లు కానున్నారు. నినాదం రేపు కూడా చేయవచ్చు. ఓటు మాత్రం ఆనాడే వేయాలి.

ప్రశ్నలు

1. 2002 ఏప్రిల్ 21 నాటి ఫలితానికి దారితీసిన కారణాలను వివరించండి.
2. "నిరసన ఓటుగా మారినందువల్లనే అది సఫలమైంది" - సమర్థించండి.
3. షిరాక్ చర్చకు నిరాకరించడం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.