అటక మీది పాటల పుస్తకం

మీ ఇంట్లో అటక మీద పాత ట్రంకు పెట్టె ఏదైనా ఉందా? పండుగకు ముందు ఇల్లు దులిపేటప్పుడు దాన్ని కిందకు దింపి చూడండి. పాత పంచాంగాలు, పెళ్లి శుభలేఖలు, తాతగారి కళ్లజోడు పెట్టె వంటివి బయటపడతాయి. వాటి మధ్య పసుపు రంగుకు తిరిగిన ఒక పల్చని పుస్తకం కూడా దొరకవచ్చు. అట్ట మీద కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ, లోపల పాటలు. అదే సినిమా పాటల పుస్తకం.

"చిత్తు కాగితాల్లో వేసెయ్, కిలోల లెక్కన పోతుంది" అంటారు ఇంట్లో ఎవరో ఒకరు. ఒక్క క్షణం ఆగండి. ఆ పుస్తకం సంగతి తెలుసుకున్నాక వేయాలో వద్దో మీరే చెబుదురుగాని.

టేప్ రికార్డర్లు ఇంటింటికీ రాని రోజుల్లో సినిమా హాళ్ల దగ్గర ఈ పుస్తకాలను అణాకో, రెండణాలకో అమ్మేవారు. నటీనటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు, కథాసంగ్రహం, పాటలు అందులో ఉండేవి. కథను మంచి పట్టులో ఆపి, మిగతాది వెండితెరపై చూడమని ముగించేవారు. ఇంటికి వెళ్లి పాట పాడుకోవాలంటే ఆ పుస్తకమే ఆధారం. పాట నోటికి వచ్చాక పుస్తకం పొయ్యిలోకో, పచారీ కొట్టులో పొట్లాలకో పోయేది. వేలల్లో అచ్చయినా నేడు చాలా కొద్ది మాత్రమే మిగలడానికి కారణం ఇదే.

ఇలాంటి పుస్తకాలు, పోస్టర్లు, గ్రామఫోన్ రికార్డులు, ఫిల్ము ముక్కలు సేకరించడం ఒక మంచి హాబీ. తమ దగ్గర రెండేసి ఉన్నవాటిని అమ్మి, లేనివి కొనుక్కునేవారు కూడా ఉన్నారు. ఈ హాబీకి డబ్బుకన్నా ముందు కావలసింది పరిశీలన.

సినిమా పోయింది, కాగితం మిగిలింది

మన దేశంలో తొలి టాకీ చిత్రం 'ఆలం ఆరా'. 1931 మార్చి 14న బొంబాయిలోని మెజెస్టిక్ థియేటర్లో విడుదలయింది. ఏడు పాటలున్న ఆ చిత్రం ప్రతి ఒక్కటి కూడా నేడు ఎక్కడా దొరకడం లేదు. ఆ చిత్రం గురించి మనకు తెలిసిందంతా ఫొటోలు, ప్రకటనలు, ఆనాటి రాతలు చెప్పినదే.

తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించారు. అది 1931లో వచ్చిందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. తర్వాత పరిశోధకులు పాత సెన్సారు వివరాలు, ఆనాటి పత్రికల్లోని ప్రకటనలు వెతికి, విడుదలైనది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చారు. చూశారా! ఏళ్ల తరబడి సాగిన పొరపాటును సరిదిద్దినవి ఎవరో పారేయకుండా ఉంచిన కాగితాలే.

అందువల్ల మీ చేతిలోని పాటల పుస్తకాన్ని ఒక సాక్షి అనుకోండి. సాక్షిని ప్రశ్నించాలి, కాపాడాలి, అతనిచేత అబద్ధం చెప్పించకూడదు. ఈ హాబీ నియమాలన్నీ ఈ మూడింటిలోనే ఇమిడి ఉన్నాయి.

వయసు ఎలా తెలుస్తుంది?

పుస్తకం మీద సంవత్సరం అచ్చువేయకపోయినా వయసు చెప్పవచ్చు. మొదట వెల చూడండి. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు. కాబట్టి వెల అణాల్లో ఉంటే ఆ పుస్తకం దాదాపు 1957కు ముందుది. కొత్త నాణేలను మొదట 'నయా పైసలు' అన్నారు. 1964 జూన్ 1 నుంచి 'నయా' అనే మాట తీసేశారు. కనుక వెల నయా పైసల్లో ఉంటే ఆ పుస్తకం సుమారుగా 1957, 1964 సంవత్సరాల మధ్యది.

తరువాత ముద్రణాలయం చిరునామా చూడండి. ఊరి పేరు పక్కన ఆరు అంకెల పిన్ కోడ్ ఉందా? పిన్ కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలయింది. వెల అణాల్లో ఉండి, చిరునామాలో పిన్ కోడ్ కూడా ఉంటే ఏమనుకోవాలి? అది తర్వాతెప్పుడో వేసిన నకలు!

అసలా, నకలా?

ఒక భూతద్దం తీసుకోండి. పాత పాటల పుస్తకాలను ఎక్కువగా సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసేవారు. అక్షరం కాగితం మీద గట్టిగా ఒత్తుకునేది. అందుచేత పేజీ వెనుకవైపు వేలితో మెల్లగా తడిమితే గరుకు తగులుతుంది. భూతద్దంలో చూస్తే అక్షరం అంచున సిరా కొంచెం చిక్కగా గట్టు కట్టినట్లు ఉంటుంది. జిరాక్సు ప్రతిలో ఇవేమీ ఉండవు.

ఇక అట్ట మీది ఫొటో. అది చిన్నచిన్న చుక్కల సమూహం. నలుపు ఎక్కువ ఉన్నచోట పెద్ద చుక్కలు, తక్కువ ఉన్నచోట చిన్న చుక్కలు, వరుసలు తప్పకుండా కనిపిస్తాయి. చేత్తో బొమ్మ గీసి రాతి అచ్చుతో, అంటే లిథోగ్రఫీతో వేసిన పోస్టరులో చుక్కల వరుసలు ఉండవు. పెన్సిలు గీతలవంటి గరుకు మచ్చలు ఉంటాయి. ఆ పోస్టరునే ఫొటో తీసి మళ్లీ అచ్చువేస్తే ఆ మచ్చల మీద కూడా చుక్కల వరుసలు వచ్చి కూర్చుంటాయి. కంప్యూటర్ ప్రింటరు ప్రతిలోనైతే సిరాను చిమ్మినట్లు అతి సన్నని రంగు తుంపరలు కనిపిస్తాయి.

మరో పరీక్ష అతినీలలోహిత దీపంతో. దుకాణాల్లో నోట్లు పరీక్షించడానికి వాడేది ఇదే. కాగితం తెల్లగా కనిపించడానికి అందులో కొన్ని రసాయనాలు కలుపుతారు. అవి మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి వెలుగుగా మార్చి పంపుతాయి. వీటి వాడకం 1950 తర్వాతే బాగా పెరిగింది. కాబట్టి 1940 నాటిదని చెప్పిన కాగితం నీలంగా మెరిస్తే అనుమానించాలి. అయితే ఒక హెచ్చరిక. మెరవకపోతే పాతదని రుజువు కాదు. ఈ రసాయనాలు కలపని కాగితాలు నేడు కూడా ఉన్నాయి. ఈ పరీక్షను పెద్దవారి సమక్షంలోనే చేయండి. దీపంలోకి నేరుగా చూడవద్దు.

కాగితం ఎందుకు పసుపవుతుంది?

కాగితంలో ప్రధాన పదార్థం సెల్యులోజు. దాని అణువులు పొడవైన గొలుసుల వంటివి. చవక కాగితాన్ని కలప గుజ్జుతో చేస్తారు. అందులో లిగ్నిన్ అనే పదార్థం కూడా ఉండిపోతుంది. వెలుతురు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఈ లిగ్నిన్‌ను పసుపు రంగుకు మారుస్తాయి. సిరా అలుక్కుపోకుండా పాత రోజుల్లో కాగితానికి రోసిన్, పటిక పట్టించేవారు. పటిక నుంచి పుట్టిన ఆమ్లం సెల్యులోజు గొలుసులను మెల్లమెల్లగా తెంపుతుంది. గొలుసులు తెగిన కాగితం అప్పడంలా విరుగుతుంది.

మీరే చేసి చూడండి: ఒక వార్తాపత్రిక ముక్క తీసుకుని, సగభాగం మీద దళసరి అట్ట కప్పండి. వారం రోజులు ఎండలో ఉంచండి. తర్వాత అట్ట తీస్తే రెండు భాగాల మధ్య గీత గీసినట్లు తేడా కనిపిస్తుంది.

ఇక అటక సంగతి. అటక పైకప్పుకు దగ్గరగా ఉంటుంది. వేసవిలో ఇంట్లో అన్నిటికన్నా వేడెక్కే చోట్లలో అదొకటి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. మనం "భద్రంగా" దాచామనుకున్న చోటే కాగితం తొందరగా ముసలిదవుతోందన్నమాట! కాబట్టి పుస్తకాన్ని కిందకు దింపి, చల్లని, పొడి, చీకటి బీరువాలో ఉంచండి. తేమ తగిలితే బూజు పడుతుంది. తుప్పు పట్టిన పిన్నులుంటే పెద్దవారి సాయంతో తీయండి.

చిరిగినచోట సెల్లోటేపు అంటించవద్దు. దాని జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక వేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. ఒకసారి వేడితో ప్లాస్టిక్కు అతికాక కాగితాన్ని విడదీయడం దాదాపు అసాధ్యం. పి.వి.సి. కవర్ల నుంచి ఆమ్లం వెలువడుతుంది. వాటికన్నా పాలియెస్టరు కవర్లు మేలు.

రికార్డులు, ఫిల్ము ముక్కలు

పెట్టెలో నిమిషానికి 78 సార్లు తిరిగే గ్రామఫోన్ రికార్డు దొరికితే అది చాలావరకు లక్కతో చేసినది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద లక్క పురుగులు పెట్టే లక్కకు రాతిపొడి, మసి కలిపి రికార్డులు పోసేవారు. మన దేశంలో రికార్డుల కర్మాగారం 1908లోనే కలకత్తాలో వెలసింది. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించి పాలిష్ తయారుచేస్తారు కదా! అందుకే లక్క రికార్డును స్పిరిట్‌తో తుడవకూడదు. తుడిస్తే గాడులతోపాటు పాట కూడా కరిగిపోతుంది. మెత్తని పొడిగుడ్డ చాలు. రికార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టండి.

ఫిల్ము ముక్కల విషయంలో మాత్రం జాగ్రత్త. 1950 ప్రాంతం వరకు సినిమా ఫిల్మును సెల్యులోజు నైట్రేటుతో చేసేవారు. అది అతి తేలికగా అంటుకుంటుంది. దానిలోనే ఆక్సిజన్ ఉన్నందువల్ల గాలి తగలకపోయినా మండుతుంది. 2003 జనవరిలో పుణెలో నైట్రేటు ఫిల్ములు నిలువచేసిన చోట మంటలు లేచి ఎన్నో పాత చిత్రాలు బూడిదయ్యాయి. పాత రీలు ఏదైనా కనిపిస్తే వెలిగించి పరీక్షించవద్దు. ఇంట్లో దాచవద్దు. పెద్దవారికి చెప్పండి. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారానికి వారిచేత ఉత్తరం రాయించండి.

ధర ఎక్కడ పుడుతుంది?

1927లో అమెరికాలో 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' అనే మూగచిత్రం వచ్చింది. ఆ చిత్రం ఇప్పుడు లేదు. దాని పోస్టరు ఒకటి 2014లో వేలంలో 4,78,000 డాలర్లు పలికింది. అయితే పాతదానికల్లా అంత ధర రాదు. మీ ఇంటి వెనుక రాయి కోట్ల ఏళ్ల నాటిది. దాన్ని ఎవరు కొంటారు? ఎన్ని మిగిలాయి, ఎందరికి కావాలి, ఎంత బాగా ఉంది అనే మూడింటి మీదే ధర నిలుస్తుంది.

ఒక లెక్క చేద్దాం. మీరు 20 పాటల పుస్తకాల కట్టను 400 రూపాయలకు కొన్నారనుకోండి. కవర్లకు 60 రూపాయలు. మొత్తం 460. వాటిలో మీ దగ్గర ముందే ఉన్నవి 8. వాటిని ఒక్కొక్కటి 50 రూపాయల చొప్పున అమ్మితే 400 వచ్చాయి. మిగిలిన 12 పుస్తకాలు మీకు 60 రూపాయలకు, అంటే ఒక్కొక్కటి 5 రూపాయలకు పడ్డాయి. అమ్మకం వల్ల మీకు కలిగిన మేలు ఇదే. మీ సేకరణ ఖర్చును అది తానే మోసుకుంది.

అమ్మేటప్పుడు ఈ మాటలు మరువకండి. చిరుగు ఉంటే చిరుగు అని చెప్పండి. నకలైతే నకలు అని వెనుక రాయండి. పోయిన పేజీ బదులు జిరాక్సు పెట్టి ఊరుకోవద్దు. కొనేటప్పుడు కూడా అంతే. దాని విలువ తెలియని ముసలమ్మగారి దగ్గర కొంటుంటే, మీకు తెలిసిన విలువ ఆమెకు చెప్పి మరీ కొనండి. పాటల హక్కులు వాటి యజమానులవి కాబట్టి పుస్తకం అమ్మవచ్చుగాని, నకళ్లు తీసి అమ్మకూడదు. దొరికింది ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర అనేది ఒక చీటీ మీద రాసి పుస్తకంతోపాటే ఉంచండి. ఆ చీటీ లేని సాక్షి సగం మూగవాడు.

మరి ఈసారి ఇల్లు దులిపేటప్పుడు కిందపడ్డ పల్చని పుస్తకాన్ని చిత్తు కాగితాల కట్టలో వేస్తారా? ముందు వెల చూడండి. తర్వాత చిరునామా చూడండి. భూతద్దం తీయండి. ఆ సినిమా ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోండి. ఎక్కడా దొరకదని తేలితే, ఆ సినిమా గురించి చెప్పగల చివరి నోరు మీ చేతిలోనే ఉన్నదేమో!