‘సాఫ్ట్‌వేర్ ఇచ్చిందండీ’ అంటే సరిపోదు

రిపోర్టులో ఒక అంకె చూపించి “ఇదెలా వచ్చింది?” అని మేనేజరు అడిగితే “సాఫ్ట్‌వేర్ ఇచ్చిందండీ” అంటున్నారా? అయితే ఆ సాఫ్ట్‌వేర్ మీ చేతిలో బ్లాక్ బాక్స్, అంటే లోపల ఏం జరుగుతుందో తెలియని పెట్టె, అయినట్టే. కోడ్ దాచారా, తెరిచి పెట్టారా అన్నది తర్వాతి సంగతి. గణాంకాలకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ కోడ్ ఎవరైనా చదవొచ్చు. చదివేవాళ్లు ఎందరు? అదే పనికి వాడే ఎస్‌ఏఎస్ (SAS) తన కోడ్ బయటపెట్టదు, కానీ ఏ లెక్క ఏ సూత్రంతో చేస్తుందో మాన్యువల్లో రాసి ఉంటుంది. అది చదివినవాళ్లకు ఎస్‌ఏఎస్సే నయం.

ఉదాహరణకు ఈ ఎనిమిది అంకెలు చూడండి: 2, 4, 4, 4, 5, 5, 7, 9. సగటు 5. వీటి స్టాండర్డ్ డీవియేషన్ పైథాన్‌లో నంపై లైబ్రరీని అడిగితే 2 అంటుంది. అదే పైథాన్‌లో పాండాస్ లైబ్రరీ 2.14 అంటుంది. రెండూ ఒప్పే. సగటు నుంచి తేడాల వర్గాలు కూడితే 32. ఇదే మొత్తం డేటా అనుకుని నంపై 8తో భాగిస్తుంది, ఇది శాంపిల్ అనుకుని పాండాస్ 7తో భాగిస్తుంది. మీరు తేల్చాల్సిన విషయాన్ని, మీరేమీ చెప్పకపోతే, అవే తేల్చేస్తాయి. వేల వరుసల్లో ఈ తేడా కనబడదు గానీ ఎనిమిది బ్రాంచీల రిపోర్టులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఖాళీ గడులతో ఇంకా జాగ్రత్త. ఎక్సెల్ సగటు తీసేటప్పుడు ఖాళీని వదిలేస్తుంది, సున్నాను కలుపుకుంటుంది. అమ్మకం లేని రోజూ, అమ్మకం రాయడం మరిచిన రోజూ ఒకటి కావు కదా!

పేరున్న నిపుణులకూ ఇలాంటి పొరపాటు తప్పలేదు. దేశాల అప్పులు, వృద్ధిపై ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఎక్సెల్ సగటు ఫార్ములా ఐదు దేశాల వరుసలను వదిలేసింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి దాన్ని పట్టుకున్నాడు. అడిగితే వాళ్లు ఫైలు ఇచ్చారు కాబట్టే అది దొరికింది.

కొత్త టూల్ వాడే ముందు చేత్తో లెక్కవేసుకున్న పది వరుసలు దానికివ్వండి. అందులో కావాలనే ఒక ఖాళీ, ఒక సున్నా, రెండుసార్లు పడిన ఎంట్రీ ఒకటి పెట్టండి. జవాబు తేడా వస్తే హెల్ప్ పేజీలో డిఫాల్ట్ ఏమిటో చూడండి. రిపోర్టు అడుగున టూల్ పేరు, వెర్షన్, ఖాళీలను ఏం చేశారో రాయండి. ఈ నెల రిపోర్టు పంపేలోగా అందులో ఒక్క అంకెనైనా కాలిక్యులేటర్‌తో వేసి చూసుకోండి.