పది నిమిషాలకో బస్సు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

వర్జీనియాలో ఇంటికి రెండేసి కార్లున్న రిచ్‌మండ్ లాంటి ఊళ్లో బస్సుల మీద ఇంకా డబ్బు పెట్టడం దండగ కాదా అన్న ప్రశ్న మీద వ్యాసం రాయమన్నారనీ, ఆర్టీసీలో పనిచేసినవాడివి నువ్వేమంటావనీ అడిగావు. దండగ కాదు. ఇప్పటికంటే ఎక్కువే పెట్టాలి. అయితే ఎవరి కోసం పెడుతున్నామో, ఆ డబ్బుతో ముందు ఏం కొనాలో తేల్చుకోకుండా మాట్లాడితే నీ వాదన రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. బస్సులు పెంచితే రోడ్ల మీద రద్దీ తగ్గిపోతుందని ఎవరికీ మాట ఇవ్వకు. కొందరు కార్లు వదిలి బస్సెక్కితే, ఖాళీ అయిన రోడ్డు మీదికి ఇంకెవరో కార్లు తీసుకుని వస్తారు. పైగా పెద్ద నగరాలతో పోలిస్తే రిచ్‌మండ్‌లో చెప్పుకోదగ్గ రద్దీయే లేదు. రద్దీ కోసమే బస్సు అంటే, రద్దీ లేదు గనుక బస్సూ వద్దంటారు అవతలివాళ్లు. నీ వాదన కారు నడపలేని మనిషి దగ్గర మొదలుకావాలి.

అలాంటివాళ్లు ఎవరో అని వెతకనక్కర్లేదు. ఊరి శివార్లలో మన షార్ట్ పంప్, గ్లెన్ అలెన్ ఇళ్లల్లోనే చూడు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఆరు నెలలకని వచ్చిన తల్లిదండ్రులున్నారు. సొంత ఊళ్లో బజారుకీ గుడికీ ఎవరినీ అడగకుండా వెళ్లొచ్చినవాళ్లు, ఇక్కడ ఒక కొత్తిమీర కట్ట కావాలన్నా కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. భర్త ఉద్యోగం మీద వచ్చి లైసెన్సు ఇంకా చేతికి రాని అమ్మాయిలూ అంతే. ఇక కారు కొనే స్తోమతు లేక, రాత్రి షిఫ్టు ముగించుకుని బ్రాడ్ స్ట్రీట్ మీద చీకట్లో నిలబడే ఆసుపత్రి ఆయమ్మల సంగతి వేరే చెప్పాలా? కొత్త కారు కొని నడిపితే సగటున ఏడాదికి 12 వేల డాలర్ల పైనే అవుతుందని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2024లో లెక్కగట్టింది. జీతం తక్కువ ఉన్నవాడికి అది కారు కాదు, రెండో ఇంటి అద్దె. షార్ట్ పంప్‌లో పెద్ద మాల్ 2003లో తెరిస్తే, సిటీ బస్సు అక్కడిదాకా వచ్చింది 2018లో. మధ్యలో ఆ పదిహేనేళ్లు అక్కడి దుకాణాల్లో నిలబడి పనిచేసినవాళ్లు ఎలా వచ్చి ఉంటారో ఆలోచించు. ఆ ఉద్యోగాలకు రావాలనుకుని రాలేకపోయినవాళ్లు ఏ లెక్కలోనూ కనబడరు. వాళ్లను లెక్కలోకి తేవడమే నీలాంటివాళ్ల పని.

"ఇది కార్ల ఊరు, ఇక్కడివాళ్లు బస్సెక్కరు" అంటారు. ఈ ఊరికి ఆ స్వభావం పుట్టుకతో రాలేదు. గుర్రాలు లేకుండా కరెంటుతో ట్రామ్ బళ్లు నగరమంతా నడపవచ్చని ప్రపంచానికి గట్టిగా రుజువు చేసింది రిచ్‌మండే. 1888 ఫిబ్రవరిలో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజినీరు ఈ ఊరి ఎత్తుపల్లాల మీద అలాంటి బళ్లు నడిపి చూపించాడు. బోస్టన్ నుంచి వచ్చి చూసుకుని వెళ్లి తమ ఊళ్లోనూ పెట్టుకున్నారు. ఊరికి ఉత్తరాన ఇప్పుడు చెట్ల నీడలో అందంగా కనిపించే పాత పేటలు ఆ ట్రామ్ పట్టాల వెంట పెరిగినవే. 1949లో చివరి బండి ఆగింది. తర్వాత పదేళ్లు తిరక్కుండా నల్లజాతి వాళ్ల వ్యాపారాలతో, సంగీతంతో కళకళలాడిన జాక్సన్ వార్డ్‌ను రెండు ముక్కలు చేస్తూ టర్న్‌పైక్ రోడ్డు వేశారు. ఇప్పుడు నువ్వు ఐ-95 అని పిలిచే రోడ్డు అదే. కారు ఊరు అనేది మనుషులు డబ్బు పెట్టి కట్టుకున్నది. మరోలా కూడా కట్టుకోవచ్చు.

ఇక ఆ డబ్బుతో ఏం కొనాలి? రైలా, ట్రామా, ఎలక్ట్రిక్ బస్సా అని క్లాసులో గంటలు గంటలు వాదించుకుంటారు. నేను మాత్రం బండి ఎంతసేపటికి ఒకటి వస్తుందని అడుగుతాను. గంటకో బస్సుకీ పది నిమిషాలకో బస్సుకీ మధ్య, వారానికోసారి వచ్చే ట్యాంకరుకీ ఇంట్లో కుళాయికీ ఉన్నంత తేడా ఉంది. ఒకదాని చుట్టూ నీ రోజును సర్దుకోవాలి, రెండోది నీ రోజులో కలిసిపోతుంది.

ఈ లెక్క కాగితం మీద వేసి చూడు. ఒక రూటులో బస్సు వెళ్లి, చివర డ్రైవరు కాస్త ఊపిరి పీల్చుకుని, తిరిగి వచ్చేసరికి గంటన్నర పడుతుందనుకో. అరగంటకో బస్సు కావాలంటే మూడు బస్సులు చాలు. పది నిమిషాలకోటి కావాలంటే తొమ్మిది. నీ దగ్గర పద్దెనిమిది బస్సులూ వాటికి సరిపడా డ్రైవర్లూ ఉన్నారు. ఆరు రూట్లలో అరగంటకోటి నడుపుతావా, రెండు రూట్లలో పది నిమిషాలకోటి నడుపుతావా? ఇందులో ఇంకో మెలిక ఉంది. ఊళ్లో చాలా ప్రయాణాలకు ఒక బస్సు దిగి ఇంకోటి ఎక్కక తప్పదు. టైము చూసుకోకుండా స్టాపుకు వచ్చినవాడు అరగంట బస్సుకు సగటున పావుగంట ఆగాలి. రెండు బస్సులకూ కలిపితే అరగంట. పది నిమిషాల బస్సులైతే మొత్తం పది నిమిషాలతో సరి. బస్సు వేగం మైలు కూడా పెంచకుండానే ఇరవై నిమిషాలు మిగిలాయి. బస్సు నడపడానికయ్యే ఖర్చులో పెద్ద వాటా డ్రైవర్ల జీతాలదే. అందుకే రిబ్బను కత్తిరించి కొత్త బస్సులు కొనడం తేలిక, వాటిని ఏళ్ల తరబడి పది నిమిషాలకోటి చొప్పున తిప్పడం కష్టం. ఏ ప్రణాళిక చేతికొచ్చినా ముందు కొనుగోలు పేజీ కాదు, ఏటేటా నడిపే ఖర్చు పేజీ తిప్పు.

పద్దెనిమిది బస్సుల ప్రశ్న ఉత్త లెక్క కాదు. రిచ్‌మండ్ దాన్ని నిజంగానే ఎదుర్కొంది. 2018 జూన్ 24న రెండు పనులు ఒకేరోజు జరిగాయి. విల్లో లాన్ నుంచి రాకెట్స్ ల్యాండింగ్ దాకా 7.6 మైళ్ల పొడవున 'పల్స్' బస్సు మొదలైంది. బ్రాడ్ స్ట్రీట్‌లో కొంత మేర దానికే విడిగా లేన్లు, ఎత్తైన ప్లాట్‌ఫారాలు ఇచ్చారు. దాని నిర్మాణానికి దాదాపు ఆరున్నర కోట్ల డాలర్లు అయితే, అందులో రెండున్నర కోట్ల దాకా ఫెడరల్ గ్రాంటు. అదేరోజు మిగతా రూట్లన్నిటినీ కూడా కొత్తగా గీశారు. ఆ పనికి సాయం చేసినవాళ్లలో ప్రజా రవాణా నిపుణుడు జారెట్ వాకర్ ఒకరు. ఆయన 'హ్యూమన్ ట్రాన్సిట్' నీ బల్ల మీద ఉండాల్సిన పుస్తకం. ఆయన ఊరివాళ్ల ముందు పెట్టే ప్రశ్న మన ఆర్టీసీవాళ్లకు కొత్తది కాదు. ఎక్కువమంది ఎక్కే చోట ఎక్కువ సర్వీసు వేయాలా, జనం తక్కువైనా ప్రతి మూలకూ ఎంతో కొంత వేయాలా? పల్లెవెలుగు బస్సు రాబడి కోసం తిరగదు, ఆ ఊరివాడికి వేరే దారి లేదని తిరుగుతుంది. రెండూ న్యాయమైన పనులే. ఒకే బస్సుతో రెండూ చేయబోతే మాత్రం ఏదీ కాదు.

పల్స్‌కు రోజుకు 3,500 మంది వస్తారని అంచనా వేశారు. త్వరలోనే అది దాటిపోయింది. కార్ల ఊళ్లో బస్సెక్కరన్న మాటకు అంతకంటే సూటైన జవాబు లేదు. కానీ వ్యాసంలో ఇక్కడితో ఆగకు. రూట్లు మార్చినప్పుడు ఈస్ట్ ఎండ్ వైపు పాత ప్రయాణికులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఇదివరకు ఇంటి దగ్గర ఎక్కి నేరుగా దిగే ముసలమ్మ, ఇప్పుడు ఇంకాస్త దూరం నడిచి, మధ్యలో బస్సు మారాలి. మొత్తం మీద ఊరికి లాభమే అయినా ఆమెకు అది నష్టం. ఆ నష్టాన్ని దాచకుండా రాస్తేనే నీ లాభాల లెక్క నమ్ముతారు.

ఖాళీ బస్సుల ఫోటోలు చూపిస్తారు నీకు. మా డిపోలో దీన్ని ఓఆర్ అనేవాళ్లం, ఆక్యుపెన్సీ రేషియో. ఒక్క ట్రిప్పు ఓఆర్ చూసి ఎవరూ సర్వీసు తీసేయరు. ఎందుకంటే పొద్దున నిండుగా ఊళ్లోకి వెళ్లిన బస్సు ఎదురుదిశలో ఖాళీగానే వస్తుంది. అలా రాకపోతే రెండో ట్రిప్పే లేదు. రాత్రి పది గంటల బస్సులో నలుగురే ఉండవచ్చు. ఆ బస్సు తీసేస్తే, తిరుగు ప్రయాణానికి దారి లేదని సాయంత్రం నాలుగింటి బస్సులో వెళ్లేవాళ్లు కూడా మానేస్తారు. రోజంతా కలిపి చూడు, రూటంతా కలిపి చూడు. అలా చూసినా ఎవరూ ఎక్కడం లేదంటే ఆ రూటు మార్చాల్సిందే, అందులో మొహమాటం వద్దు.

టికెట్ సంగతి నీ క్లాసులో తప్పక వస్తుంది. 2020 మార్చి నుంచి ఇక్కడ బస్సుల్లో టికెట్ లేదు, అంతకుముందు డాలరున్నర ఉండేది. నాకు ఇది నచ్చింది. డ్రైవరు దగ్గర చిల్లర తంటా లేదు, బస్సు స్టాపులో ఆగే సమయం తగ్గింది, బీదవాళ్లకు నేరుగా ఉపయోగం. అయినా ఉచితమా, పది నిమిషాలకో బస్సా, రెండిట్లో ఒకటే వస్తుందంటే నేను బస్సునే కోరుకుంటాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు ఉచితం చేశాక బస్సులు ఎలా కిక్కిరిశాయో మీ అమ్మమ్మను అడుగు. ఎక్కేవాళ్లు పెరిగినంత వేగంగా బస్సులూ పెరగాలి. లేకపోతే ఉచితం ఇచ్చామన్న తృప్తి స్టాపులో నిలబడ్డవాళ్లకు అందదు.

అసలు చిక్కుముడి హద్దుల్లో ఉంది. వర్జీనియాలో నగరం వేరు, కౌంటీ వేరు. రిచ్‌మండ్ పన్నులు రిచ్‌మండ్‌వి, షార్ట్ పంప్ ఉన్న హెన్రైకో కౌంటీ పన్నులు హెన్రైకోవి. ఉద్యోగాలేమో కౌంటీల్లోకి పాకాయి. కౌంటీ ఒప్పుకుని డబ్బిస్తే తప్ప బస్సు హద్దు దాటదు. 2020లో సెంట్రల్ వర్జీనియా ట్రాన్స్‌పోర్టేషన్ అథారిటీ పెట్టి, ఈ ప్రాంతమంతటా 0.7 శాతం అమ్మకపు పన్ను వేశారు. అది మంచి మలుపు. ఆ రాబడిలో ప్రజా రవాణాకు వెళ్లేది మాత్రం 15 శాతం. మిగతాది స్థానిక సంస్థలకూ ప్రాంతీయ పనులకూ పోతుంది. నీ వ్యాసంలో ఒక్క గట్టి డిమాండు పెట్టదలిస్తే, ఆ 15ను పెంచమని పెట్టు.

ఇంకో మాట, బస్సుకు ముందూ వెనకా ఉండే దారి గురించి. ప్రతి బస్సు ప్రయాణికుడూ మొదట పాదచారే. షార్ట్ పంప్ వైపు స్టాపులో దిగి, ఫుట్‌పాత్ లేని గడ్డిలో నడిచి, ఎన్నో లేన్ల బ్రాడ్ స్ట్రీట్ దాటి, ఫుట్‌బాల్ మైదానమంత పార్కింగ్ అవతల ఉన్న దుకాణం చేరాలంటే నా మోకాళ్లకు బస్సు ప్రయాణం కంటే అదే పెద్ద ప్రయాణం. 2023 ఏప్రిల్‌లో రిచ్‌మండ్ కౌన్సిల్, ప్రతి కట్టడానికీ ఇన్ని కార్ల పార్కింగ్ ఉండి తీరాలన్న నిబంధన తీసేసింది. బస్సు స్టాపుల పక్కనే ఇళ్లూ కొట్లూ దగ్గరగా కట్టుకోవడానికి కొత్త బస్సులు ఎంత తోడ్పడతాయో ఈ నిర్ణయమూ అంత తోడ్పడుతుంది. కౌంటీలు కూడా ఆ దారి పట్టేదాకా అడుగుతూనే ఉండాలి.

రాయడం మొదలుపెట్టేముందు ఒక వారం కారు ముట్టుకోకు. కాలేజీ నుంచి పల్స్ ఎక్కి విల్లో లాన్‌లో దిగి, 19వ నంబరు పట్టుకుని మా ఇంటి వైపు రా. ఎక్కడ ఎంతసేపు ఆగావో, స్టాపులో నీడ ఉందో లేదో, నీ పక్కన నిలబడ్డవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో రాసుకో. డ్రైవర్లతో మాట్లాడు. షెడ్యూల్లో ట్రిప్పు చివర రెండు నిమిషాలు కోత పడితే వాళ్లు మూత్రానికి వెళ్లే టైము పోతుంది, ఆ తర్వాత రోజంతా బస్సులు ఆలస్యమే. ఆదివారం కూడా ఒకసారి ప్రయాణం చెయ్యి. ఆఫీసువాళ్ల కోసం గీసిన టైము పట్టికలు ఆదివారం పనిచేసేవాళ్లను ఎంత మరిచిపోయాయో అప్పుడు అర్థమవుతుంది. రాసిన కాగితాలు తీసుకునిరా, బస్సుల లెక్క ఇద్దరం కూర్చుని వేద్దాం.

ఆశీస్సులతో,
తాతయ్య