పెద్ద కొట్టు ఖాళీ అయినప్పుడు: ఏడు అనుభవ పాఠాలు

టొరంటోలో దుకాణాల లోపలి పనులు చేస్తూనే ముసలివాణ్ణయ్యాను. పార్టిషన్లు కట్టడం, అరలు బిగించడం, కొట్టు ఎత్తేస్తే మళ్లీ వాటినే ఊడదీయడం నా బతుకుతెరువు. ఈమధ్య మనవాళ్ల పిల్లలు మాల్లో కొట్టు తీసుకుంటామంటూ సలహాకు వస్తున్నారు. అందరికీ ఈటన్ సెంటర్ సంగతే చెబుతాను. ఊరి నడిబొడ్డున ఉన్న ఆ మాల్ ఉత్తరపు కొసన, ఒకే చోట నాలుగు పేర్లు మారాయి. అందులోంచి నేను ఏరుకున్న పాఠాలివి.

1. పెద్ద కొట్టు పని జనాన్ని నడిపించడం.

ఈటన్ సెంటర్ మొదటి భాగం 1977లో తెరిచారు. ఆర్కిటెక్ట్ ఎబర్‌హార్డ్ జైడ్లర్ పొడవాటి గాజు కప్పు కింద దారి వేశాడు. ఒక కొసన డండాస్ వీధి దగ్గర ఈటన్స్ అనే పెద్ద కొట్టు, రెండో కొసన క్వీన్ వీధి అవతల సింప్సన్స్ అనే ఇంకో పెద్ద కొట్టు. రెండు వైపులా సబ్‌వే స్టేషన్లు. ఒక పెద్ద కొట్టు చూసుకుని రెండోదానికి వెళ్లేవాళ్లు మధ్యలో ఉన్న చిన్న కొట్లన్నిటి ముందు నుంచీ పోవాల్సిందే. అందుకే మాల్ యజమానులు పెద్ద కొట్లకు చదరపు అడుగుకు బాగా తక్కువ అద్దె వేసి, ఆ లోటు చిన్న కొట్ల మీద రాబట్టుకుంటారు. మీరు కట్టే అద్దెలో పక్కవాడు తెచ్చే గిరాకీ ఖరీదు కూడా ఉందని గుర్తుపెట్టుకోండి.

2. నమ్మకం మీద వచ్చిన లాభం ఎల్లకాలం మీ ఒక్కరిదే కాదు.

ఐర్లండ్ నుంచి వచ్చిన తిమోతీ ఈటన్ 1869లో యంగ్ వీధిలో కొట్టు పెట్టాడు. బేరం లేదు, అప్పు లేదు, సరుకు నచ్చకపోతే డబ్బు వాపసు. బేరమాడటం అలవాటైన రోజుల్లో అది పెద్ద మాట. 1884లో కేటలాగ్ మొదలుపెట్టి దూరపు పల్లెలకూ సరుకు పంపాడు. కాలం గడిచాక ప్రతి కొట్టూ అదే హామీ ఇచ్చింది. 1976లో కేటలాగ్ ఆగిపోయింది. 1999లో ఈటన్స్ దివాలా తీసింది. మీ ప్రత్యేకతను పదిమందీ నేర్చేసుకున్న రోజున, ఇంకోటి వెతుక్కోక తప్పదు.

3. పేరు కొనుక్కోవచ్చు, గిరాకీని కొనలేం.

ఈటన్స్ మూతపడ్డాక సియర్స్ కెనడా అనే ఇంకో పెద్ద కొట్ల కంపెనీ ఆ పేరు హక్కులు కొని, 2000లో అదే చోట అదే పేరుతో మళ్లీ తెరిచింది. కొత్త లోగో, కొత్త రంగులు, ఖరీదైన ప్రచారం. 2002కల్లా ఆ పేరు తీసేసి తన బోర్డే పెట్టుకుంది. ఆ పేరంటే జనానికి అభిమానం ఉంది. అభిమానం ఉన్నవాళ్లందరూ కొనడానికి రారు.

4. రద్దీని చూసి అమ్మకం లెక్క వేయకండి.

సియర్స్ ఆ లీజు వదులుకుని 2014లో ఖాళీ చేసింది. 2016లో అమెరికా నుంచి నార్డ్‌స్ట్రామ్ వచ్చింది. మూడంతస్తులు, సుమారు 2,20,000 చదరపు అడుగులు, చూడచక్కని పనితనం. కెనడాలో లాభాలు రావడం లేదంటూ 2023లో దేశంలోని 13 కొట్లూ మూసేసింది. ఈటన్ సెంటర్‌లో జనానికి కొదవ ఎప్పుడూ లేదు. కాని అందులో రైలు దిగి ఆఫీసుకు పోయేవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు, చలికి లోపలికొచ్చి అటూ ఇటూ తిరిగేవాళ్లున్నారు. చోటు చూడ్డానికి శనివారం కాదు, మంగళవారం మధ్యాహ్నం వెళ్లండి. తలల్ని కాదు, చేతుల్లో సంచుల్ని లెక్కపెట్టండి.

5. ముక్కలు చేయడం గోడ కట్టినంత సులువు కాదు.

ఇది నా పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పెద్ద కొట్టు చాలా లోతుగా ఉంటుంది, కిటికీలు తక్కువ, ఎస్కలేటర్లు సరిగ్గా నడిమధ్యన ఉంటాయి. ఏసీ అంతటికీ కలిపి, కరెంటు మీటరు ఒక్కటే, సరుకు లారీలు ఆగే చోటూ సరుకు లిఫ్టూ ఒక్కటే. దాన్ని నలుగురికి పంచడమంటే ఉమ్మడి ఇల్లు వాటాలు వేసుకున్నట్టే: గోడ ఎక్కడన్నది తేలిగ్గానే తేలుతుంది, తగవంతా బావి దగ్గర. ఒక్కొక్కరికీ విడిగా నిప్పు ప్రమాదంలో బయటపడే దారి చూపాలి, స్ప్రింక్లర్ల గొట్టాలు మార్చాలి, మాల్ దారివైపు ముఖద్వారం ఇవ్వాలి. ముఖద్వారం అందని వెనక భాగాన్ని ఎవరూ తీసుకోరు. అందుకే పై అంతస్తులు చాలాచోట్ల ఆఫీసులైపోతాయి. ఈ ఖర్చంతా ఎవరు పెడతారో లీజులో రాయించుకోనివాడు తరువాత బాధపడతాడు.

6. పక్క కొట్టు మూతపడితే మీ అద్దె ఏమవుతుందో ముందే తెలుసుకోండి.

మాల్ నుంచి క్వీన్ వీధి మీదుగా వంతెన దాటితే పాత సింప్సన్స్ భవనం. దాన్ని తరువాత హడ్సన్స్ బే తీసుకుంది. 1670 నాటి కంపెనీ. 2025 జూన్‌లో ఆ కంపెనీ కొట్లన్నీ మూసేసింది. అంటే రెండేళ్ల తేడాలో ఈ మాల్ రెండు కొసల్లోనూ తాళాలు పడ్డాయి. కొన్ని లీజుల్లో, ఫలానా పెద్ద కొట్టు మూతపడితే చిన్నవాళ్లకు అద్దె తగ్గించాలనో, ఖాళీ చేసే హక్కు ఇవ్వాలనో షరతు ఉంటుంది. ఆ షరతు అడగనిదే ఎవరూ ఇవ్వరు. మంచి లాయరును పెట్టుకుని అడిగించండి.

7. నింపగలిగినంతే తీసుకోండి.

నార్డ్‌స్ట్రామ్ వదిలిన చోట 2025లో సిమన్స్ తెరిచింది. 1840లో క్యుబెక్ సిటీలో పుట్టిన కుటుంబ వ్యాపారం. అది తీసుకున్నది సుమారు 1,10,000 చదరపు అడుగులు, అంటే పాతదాంట్లో సగమే. మిగిలిన చోట్లో ఇంకో వైపు ఇటలీ వంటకాలు, సరుకులు అమ్మే ఈటలీ వచ్చింది. ఒకప్పుడు ఒకే కొట్టు చొక్కా, కుర్చీ, చెంచా అన్నీ అమ్మి నిలిచింది. ఇప్పుడు ఆ సరుకుల్లో చాలావాటిని ఫోన్లోనూ కొంటున్నారు కాబట్టి ఆ చోటులో కొంత తిండికీ కాలక్షేపానికీ పోతోంది. సిమన్స్ నిలుస్తుందో లేదో కొన్నేళ్లు గడిస్తే గాని తెలియదు. కాని ఎంత చోటు కావాలో లెక్క వేసుకున్నాకే సంతకం పెట్టిందని మాత్రం నాకనిపిస్తోంది. మీరూ ముందు మీ సరుకు ఎన్ని అరలు నింపుతుందో కొలిచి, తరువాతే అద్దె మాట ఎత్తండి.