కోడికి జబ్బు చేసినప్పుడు రోగమును గుర్తించుట ఎట్లు?

తెల్లవారి గంప ఎత్తగానే కోళ్ళన్నియు రెక్కలు విదల్చుకొని పెంటదిబ్బ వైపు పరుగెత్తును. ఒక పెట్ట మాత్రము గంప మూసిన చోటనే ఈకలు ఉబ్బించుకొని, కన్నులు సగము మూసికొని నిలిచియుండును. ఇల్లాలు నూకలు చల్లినను కదలదు. ప్రక్క యింటివారు తొంగి చూచి "కొక్కెర తగిలినది" అందురు. ఆ మాట చెవిని పడిన పిమ్మట మన పల్లెలలో సాధారణముగా జరుగునది అందరికిని తెలిసినదే. మధ్యాహ్నములోగా ఆ పెట్ట కూరయగును, లేదా సంతకు పోవును. మిగిలిన కోళ్ళను గూడ వచ్చిన ధరకు తెగనమ్మువారు కలరు.

అది నిజముగా కొక్కెర తెగులే అయినచో ఆ అమ్మకము వలన తెగులు నాలుగు ఊళ్ళకు ప్రాకును. కానిచో చిన్న చికిత్సతో బ్రతుకదగిన పెట్టయు, దానితోపాటు ఆరోగ్యముగల కోళ్ళును వ్యర్థముగా పోవును. పెరటికోళ్ళ రాబడి పెక్కు ఇండ్లలో స్త్రీల చేతిలోనిది. పిల్లల పుస్తకములకు, చిల్లర ఖర్చులకు అక్కరకు వచ్చునది అదియే. కనుక పంచాయతీ సభ్యుడు గాని సభ్యురాలు గాని పశువైద్యుడంతటి విద్య నేర్వనక్కరలేదు. ఏ జబ్బు ఆ యింటితో పోవునదో, ఏది ఊరంతటికి సంబంధించినదో విడదీయగలిగిన చాలును.

ముందుగా ఒక సంగతి గ్రహింపవలెను. కోడి తన జబ్బును దాచుకొనును. బలహీనముగా కనబడిన పక్షిని గద్దయో పిల్లియో మొదట పట్టును. తోటికోళ్ళును పొడిచి తరుమును. అందుచే ఒంట్లో శక్తి ఉన్నంతవరకు అది మందతోనే తిరుగుచు, నేలను పొడుచుచు, మేయుచున్నట్లే కనబడును. జబ్బు మన కంట పడునప్పటికి అది ముదిరియుండుట అరుదు కాదు. "రేపు చూతము" అనుటకు వ్యవధి లేదని దీని అర్థము.

మొదట పరీక్షింపవలసినది ఆ కోడిని కాదు, మిగిలిన కోళ్ళను. పది కోళ్ళలో ఒకటి మాత్రమే మందకొడిగా నుండి, తక్కిన తొమ్మిదియు రెండు మూడు దినములు గడిచినను హుషారుగా నున్నచో, అది చాలవరకు ఆ కోడి సొంత జబ్బు: గుడ్డు అడ్డుపడుట, మేత నిలిచిపోవుట, గాయము, పురుగులు మొదలగునవి. ఒకే దినమున రెండు మూడు కోళ్ళు పడినను, ప్రక్క యింటిలోను అట్లే జరిగినను, అంటురోగమును శంకింపవలెను. అట్లే గడచిన రెండు మూడు వారములలో క్రొత్త కోడి ఏదైన వచ్చినదా యని అడుగవలెను. సంతలో కొన్న పెట్ట, చుట్టములు ఇచ్చిన పిల్లలు, పందెములకు పోయి వచ్చిన పుంజు (చట్టము నిషేధించినను సంక్రాంతికి ఈ పందెములు సాగుచునే యున్నవి) తెగులును వెంట తెచ్చుట కలదు.

జబ్బు కానిదానిని జబ్బుగా భ్రమించుటయు జరుగుచుండును. పొదుగునకు వచ్చిన పెట్ట ఈకలు ఉబ్బించుకొని ఒకేచోట కూర్చుండును, మేత తగ్గించును. కాని చేయి దగ్గరకు తీసికొనిపోయినచో గుర్రుమని పొడువవచ్చును. ఈకలు రాల్చు కాలమున గుడ్లు మానును, జుట్టు పాలిపోవును. ఎండలు ముదిరినప్పుడు నోరు తెరచి రెక్కలు చాచి రొప్పును; నీడయు చల్లని నీరును లభించిన తేరుకొనును. నీడలో, చల్లని పూట కూడ నోరు తెరచి ఊపిరి తీయుచున్నచో అది వేరు సంగతి.

ఒకే కోడి పడినప్పుడు దానిని నెమ్మదిగా పట్టి ఒడిలో కూర్చుండబెట్టుకొని తల మొదలు అరికాలి వరకు చూడవలెను. ముక్కు చీమిడి కారుచున్నదా, కన్నుల క్రింద వాపు కలదా, నోటిలో పసుపుపచ్చని పొర కట్టినదా గమనింపవలెను. పిమ్మట మెడ క్రింద నుండు మేతసంచిని తడవవలెను. ఇది తెల్లవారుజామున, మేత వేయకముందు చేయవలసిన పరీక్ష. ఏలయనగా రాత్రి నిండిన సంచి తెల్లవారునప్పటికి ఖాళీ కావలెను. అప్పటికిని గట్టి ముద్దవలె తగిలినచో పీచుగడ్డియో, దారమో, గోనెపోగులో అడ్డుపడినవన్న మాట. మెత్తగా నీటితిత్తివలె నుండి నోరు పులిసిన వాసన కొట్టినచో లోపలి మేత పులిసిపోయినది. తలక్రిందులుగా పట్టి కక్కింపజూచుట కొందరి అలవాటు. ఆ కక్కు ఊపిరితిత్తులలోనికి పోయి కోడి చచ్చుటయు కలదు. ఆ పని వైద్యునికే విడువవలెను.

తరువాత ఱొమ్ము ఎముకను వ్రేళ్ళతో తడవిన, కోడి ఎంతకాలముగా బాధపడుచున్నదో తెలియును. ఎముకకు ఇరుప్రక్కల కండ నిండుగా నున్నచో జబ్బు నిన్న మొన్న వచ్చినది. ఎముక కత్తివాదరవలె తగిలినచో వారముల తరబడి క్షీణించుచున్నది. తిండి తినుచునే చిక్కిపోవుచు, జుట్టు పాలిపోయిన కోడికి కడుపులో పురుగులున్నవని మొదట అనుమానింపవచ్చును. పొట్ట క్రింది భాగమున గుడ్డంత గట్టిది తగులుచు, పెట్ట తోక వ్రాల్చి నిట్టనిలువున నిలిచి ముక్కుచున్నచో గుడ్డు అడ్డుపడినది. గోరువెచ్చని నీటిలో పొట్ట మునుగునట్లు పదునైదు నిమిషములు ఉంచి, చీకటిగా, ప్రశాంతముగా నున్న చోట విడిచినచో పెక్కుసార్లు గుడ్డు బయటపడును. వ్రేలితో పొడిచి లోపలనే పగులగొట్టరాదు. ఆ పెంకు ముక్కలు ప్రాణము తీయును.

కుంటుచున్న కోడిని చూచి "వాతము" అనుటకు ముందు అరికాలు త్రిప్పి చూడవలెను. నల్లని పక్కుతో గట్టిపడిన వాపు ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టిన లక్షణము. ఒక కాలు ముందునకు, ఒక కాలు వెనుకకు చాచి పడిపోయిన రెండు మూడు నెలల పిల్లకు మారెక్స్ అను వ్యాధి అయియుండవచ్చును. దానికి మందు లేదు.

ఇక రెట్ట. గోధుమరంగు రెట్టపై తెల్లని టోపీవంటి భాగముండుట సహజమే. అది కోడి మూత్రము. నడుమ నడుమ జిగురుగా, దుర్వాసనతో పడు రెట్టయు సహజమే. నెత్తురు కనబడినచో, అందును కోడి మూడు మొదలు ఎనిమిది వారముల పిల్ల అయినచో, కాక్సీడియోసిస్ అను నెత్తురు పారుడు అయియుండును. తేమగా నుండు గూటిలో ఇది త్వరగా వ్యాపించును. సకాలములో నీటిలో కలిపి ఇచ్చు మందు కలదు. ఆకుపచ్చని పలుచని రెట్టను చూడగానే కొక్కెర యని నిశ్చయించుట మన వారందరు చేయు పొరపాటు. ఏ కారణముచేతనైనను మేత మానిన కోడికి పిత్తరసము మాత్రమే దిగి రెట్ట పచ్చబడవచ్చును. పచ్చని రెట్ట "కోడి తినుటలేదు" అని చెప్పునే గాని, ఎందుకు తినుటలేదో చెప్పదు.

ఈ సందర్భమున ఈకల క్రిందను, గూటి పగుళ్ళలోను చూచుట మరువరాదు. గుదము చుట్టు ఈకల మొదళ్ళలో పేలు గ్రుడ్లు గుత్తులుగా అంటుకొనియుండును. కొన్ని జాతుల పురుగులు పగలు గూటి సందులలో దాగి, రాత్రి వచ్చి నెత్తురు త్రాగును. కనుక దీపముతో రాత్రివేళ చూచిననే కనబడును. గోడ బీటలలో నుండు కోడి గోమార్లు తిండి లేకయే నెలల తరబడి బ్రతుకగలవు. ఇవి కరచినచో స్పైరోకీటోసిస్ అను జ్వరము కలుగవచ్చును. జుట్టు పాలిపోవును, పచ్చని రెట్ట వేయును, కాళ్ళు పడిపోవును. పైకి అచ్చముగా కొక్కెరవలెనే యుండును. కాని ఇది పెన్సిలిన్ సూదిమందుతో నయమగు వ్యాధి! గోమార్లు నిండిన గూటిలో పడిపోయిన కోడిని "ఇంక లాభము లేదు" అని కోయుట ఎంత తొందరపాటో చెప్పనక్కరలేదు.

అసలైన కొక్కెర తెగులునకు రాణిఖేత్ అని పేరు. హిమాలయములలోని కుమావూ ప్రాంతపు రాణిఖేత్‌లో 1927-28 ప్రాంతమున మన దేశమున మొదట గుర్తింపబడుటచే ఆ పేరు వచ్చినది. ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున 1926లో బయటపడిన రోగమును ఇదియే. హఠాత్తుగా మేత మానుట, నోరు తెరచి ఎగఊపిరి తీయుట, ఆకుపచ్చ తెలుపు కలిసిన నీళ్ళ రెట్ట, గుడ్లు ఒక్కసారిగా నిలిచిపోవుట దీని గుర్తులు. బ్రతికిన కోళ్ళలో కొన్ని మెడ మెలి తిరిగి ఆకాశము వైపు చూచుచుండును. టీకా వేయని మందలో ప్రవేశించినచో కొద్ది దినములలో దాదాపు అన్నియు చావవచ్చును. దీనికి మందు లేదు. రోగము వచ్చిన కోడికి టీకా వేసినను ఫలము లేదు.

బర్డు ఫ్లూ ఇంతకంటె తీవ్రమైనది, మనుష్యులకును అపాయకరమైనది. మన దేశమున ఇది 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ వద్ద మొదట కనబడినది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలలోనే బయటపడినది. ముందు సూచన లేకుండ చచ్చిపడుట, తల వాచుట, జుట్టు తమ్మెలు నీలిరంగునకు తిరుగుట, కాళ్ళపై నెత్తుటి మచ్చలు దీని లక్షణములు. బాతులు, కాకులు కూడ చచ్చుచున్నచో అనుమానము బలపడును. అయినను దీనిని, రాణిఖేత్‌ను కంటిచూపుతో విడదీయుట ఎంతటి వైద్యునికిని సాధ్యము కాదు. నమూనాలు భోపాలులోని ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థకు పోయి తేలవలసినదే. అందుచే పలు కోళ్ళు ఒక్కసారిగా చచ్చినచోట పైన చెప్పిన తడవి చూచు పరీక్షలేవియు చేయరాదు. కోడిని కోయరాదు, ఒట్టిచేతితో ముట్టరాదు.

మశూచి సంగతి తేలిక. జుట్టు, తమ్మెలు, కన్నుల చుట్టు నల్లని పొక్కులు కట్టును. దోమల వలన వ్యాపించును. పొక్కులు చర్మమునకే పరిమితమైనచో చాలవరకు కోలుకొనును. నోటిలోనికి దిగినచో కష్టము.

ఏ రోగమో తేలులోపల చేయవలసినది ఒకటే. జబ్బు కోడిని వేరు గంప క్రింద, మందకు దూరముగా ఉంచి నీరు దగ్గర పెట్టవలెను. మంచి కోళ్ళకు మొదట, జబ్బు కోడికి చివర మేత పెట్టి, కాలుసేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పసుపు, వెల్లుల్లి పెట్టుట వలన హాని లేదు. వానితో నాలుగు దినములు గడుపుటయే హాని. ఇంటిలో మిగిలియున్న మనుష్యుల మాత్రలను నూరి పోయువారిని గూడ వారింపవలెను. రాణిఖేత్‌ను ఆ మాత్రలు తాకవు. వాని శేషము మాత్రము గుడ్లలోనికి దిగి పిల్లల కడుపులలోనికి పోవును.

ఇక పంచాయతీ బాధ్యత. జంతువుల అంటురోగముల నివారణకై 2009లో కేంద్రము చేసిన చట్టము ప్రకారము, పట్టికలోని వ్యాధిని అనుమానించిన యజమాని గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలుపవలెను. అచ్చటి నుండి పశువైద్యునికి తెలియజేయబడవలెను. రోగము సోకిన జంతువును వేరుచేయుటయు యజమాని విధియే. రాణిఖేత్, బర్డు ఫ్లూ రెండును ఆ పట్టికలోనివే. వైద్యశాలకు గాని, 1962 నంబరునకు గాని ఫోను చేయునప్పుడు "కోళ్ళు చచ్చుచున్నవి" అని మాత్రము చెప్పిన చాలదు. మొదటి కోడి ఏనాడు పడినది, ఎన్ని యిండ్లలో, ఎన్నిటిలో ఎన్ని చచ్చినవి, పిల్లలా పెద్దవా, క్రొత్త కోడి వచ్చినదా, కడపటి టీకా ఎప్పుడు వేసిరి అను సంగతులు ఒక కాగితముపై వ్రాసికొని చెప్పవలెను. వైద్యుడు వచ్చు వరకు ఆ యిండ్ల కోళ్ళు సంతకు పోకుండ చూచుట సభ్యుల పని. ఇరుగుపొరుగుల మొగమాటము అడ్డువచ్చు చోటు ఇదియే. చచ్చిన కోళ్ళను కాలువలోనో దిబ్బమీదనో పారవేయనీయక, వైద్యుని సలహాపై కుక్కలు త్రవ్వలేనంత లోతు గోతిలో సున్నము చల్లి పూడ్పింపవలెను.

రాణిఖేత్ టీకా ఖరీదైనది కాదు, చిక్కు వేరొకటి. ఒక్క సీసాలో సాధారణముగా నూరు మోతాదులు గాని అంతకెక్కువ గాని యుండును. మంచులో భద్రపరచి తెచ్చి, ఒకసారి కలిపిన పిదప కొద్ది గంటలలో వాడవలెను. ఐదు కోళ్ళున్న ఇల్లాలు ఒక్కతె సీసా కొని ఏమి చేయగలదు? ఊరి కోళ్ళన్నిటికి ఒకేనాడు వేయించినచో సీసాలు వృథా కావు, తెగులునకు చోటు మిగులదు. పిల్లలకు మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో చుక్క వేయుదురు. ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున రెక్క క్రింద సూది వేయుదురు. పిమ్మట వైద్యుడు చెప్పిన గడువున మరల వేయవలెను. టీకాకు వారము ముందు పురుగుల మందు త్రాగించుట మేలు. ఒకసారి విడిచిన పెరటికోడిని పగటివేళ పట్టుట ఎవరి తరము కాదు. కావున టీకా వేయు దినమున తెల్లవారి గంపలు ఎత్తరాదని ముందునాటి సాయంకాలమే వీధివీధిని చాటింపు వేయింపవలెను.