చిన్నబిడ్డలకు పద్యము నేర్పు విధము

బడిలో పద్యమనగానే కొందరు బిడ్డలు ముఖము చిన్నబుచ్చుకొందురు. అప్పగించలేకపోయినచో దెబ్బలు తప్పవను భయమే దానికి కారణము. భయముతో నేర్చిన పద్యము పరీక్ష తీరగానే మరపునకు వచ్చును. ప్రీతితో నేర్చినదో, ముసలితనమువరకు వెంట వచ్చును. ఇంట పుస్తకమొక్కటియు లేని కూలివాని బిడ్డకు అది ఎవరును దోచుకొనలేని ఆస్తి. కావున గ్రామ ఉపాధ్యాయులును, ఆదివారపు బడి బోధకులును, తల్లిదండ్రులును ఈ సంగతులను ఆలోచింపవలెనని కోరుచున్నాము.

1. ముందు చెవికి, తరువాత కంటికి. బ్రౌను దొర 1829లో వేమన పద్యములను అచ్చు వేయించక మునుపే అవి జనుల నాలుకలమీద నిలిచియుండెను. చెవి ద్వారా వచ్చినందుననే అవి నిలిచినవి. వేమన విస్తారముగా వాడిన ఆటవెలదిలో 1, 3 పాదములకు మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. 2, 4 పాదములకు ఐదును సూర్యగణములే. ఈ లెక్క పసిబిడ్డలకు చెప్పనక్కరలేదు. బోధకుడు దాని నెరిగి, నడక చెడకుండ చదివిన చాలును. పుస్తకములు మూయించి రెండు మూడుసార్లు వినిపించవలెను. పిమ్మట ఒక్కొక్క పాదమును తరగతి అంతయు కలిసి పలుకవలెను. పదిమంది గొంతులతో తన గొంతు కలిసినప్పుడు, అక్షరములు కూడబలుకలేని బిడ్డకును ధైర్యము వచ్చును.

2. అర్థమును వస్తువుతో చూపవలెను. ఉప్పును కర్పూరమును చూపునకు ఒకటిగానే యుండి, రుచిలో వేరగునని వేమన చెప్పెను. ప్రతిపదార్థము వల్లింపజేయుటకు ముందు ఆ రెంటిని ఆకుమీద పెట్టి చూపుడి. ఉప్పును నాలుకకు తాకింపవచ్చును గాని, కర్పూరమును నోట పెట్టనీయరాదు. అది బిడ్డలకు విషము. వాసన చూపిన చాలును. మనుష్యులలో ఈ భేదము ఎట్లుండునో అప్పుడడిగినచో, బిడ్డలే చెప్పుదురు.

3. పద్యమును శిక్షగా ఇయ్యరాదు. తప్పు చేసిన బిడ్డచేత పదిసార్లు వ్రాయించినచో, ఆ పద్యము వానికి జీవితాంతము చేదగును. వారమునకు ఒక్క పద్యము చాలును. ముందు ఇష్టపడి లేచిన బిడ్డను చెప్పనీయుడి. తక్కినవారు తమంతట తాము లేతురు.

4. బిడ్డలచేతను కట్టింపవలెను. 119వ కీర్తన హెబ్రీ అక్షరములు 22 వరుసగా, అక్షరమునకు 8 వచనముల చొప్పున, 176 వచనములుగా కూర్చబడినది. అట్టి వరుస జ్ఞాపకమునకు ఊత. మన బిడ్డలను కూడ అ, ఆ, ఇ, ఈలతో ఆరంభమగునట్లు తమ పొలమును గూర్చియో, మేకపిల్లను గూర్చియో ఒక్కొక్క మాట చెప్పుమనుడి. ఛందస్సు కుదరకపోయినను దిద్దవద్దు. మాటలను వరుసలో కూర్చుటలోని సంతోషమును వారు మొదట ఎరుగవలెను.

పద్యము మనవంటివారికెందుకని కొందరు తల్లిదండ్రులు అందురు. గుఱ్ఱం జాషువగారు 1895లో వినుకొండలో పుట్టి, క్రైస్తవునిగా పెరిగి, అంటరానితనపు అవమానములను సహించి, ఉపాధ్యాయుడై, 1941లో గబ్బిలమును వెలువరించెను. వారి క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. పద్యము ఏ ఒక్క కులపువారి సొత్తును కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

గనుక తల్లులారా, తండ్రులారా, ఈ వారము సాయంకాలమున మీ బిడ్డను పిలిచి, బడిలో నేర్చిన పద్యమొకటి చెప్పించుకొనుడి. మీకు చదువు రాదని సిగ్గుపడవద్దు. మీరు విని సంతోషించుటయే ఆ బిడ్డకు బహుమానము.