తొలి తాటిదోనెను ఎంచుకొనుట

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మొదలగు పేటలను ముంచినప్పుడు, మేడలపై నిలిచి పడవకొఱకు ఎదురుచూచినవారు మన చదువరులలోనే కొందఱుందురు. అప్పటినుండి “మా యింటికొక చిన్న దోనె కొనవచ్చునా? ఎట్టిది కొనవలయును?” అని తల్లిదండ్రులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. చేత సొమ్ము తక్కువగా నున్నవారికి మాకు తెలిసినంతవఱకు చెప్పెదము.

ఆ బుడమేరు పోయి కలియు కొల్లేటిలో పల్లెవారు తాటిదోనెలపై వలలు వేయుదురు, గడ్డి తెచ్చుకొందురు. ముదురు తాటిమ్రాను మొదలిభాగమును కోసి లోపలి బెండును తొలిచిన దోనె యగును. టేకునకు చేవ నడుమ నుండును, తాటికి పైభాగమందుండును. అందుచేతనే దానిని తొలుచుట సులభము. వేళ్లవైపు కొన ఉబ్బుగా నుండి తనంతట మూసికొనియే యుండును. రెండవ కొనను బంకమట్టితో మూయుదురు. ఇంత చౌకయైన నావ మాకు మఱియొకటి కనబడలేదు. అయితే చౌకయని చూడక కొన్న ముప్పు తప్పదు.

ఇది మా యనుభవమే. మేము తొలుత కొన్న పాత దోనెకు నిగనిగలాడు తారు పూసియుండెను. ఆ నలుపు చూచి మురిసి బేరము కుదుర్చుకొంటిమి. మొలలోతు నీటికి పోవునప్పటికి తారుక్రింది నెఱ్ఱె విచ్చుకొని నీరు మా పాదములను ముంచెను. దిగి నడచి వచ్చితిమి. అదే కాలువ నడుమనైన ఏమగునో!

కావున దోనెను మొదట ఒడ్డుననే పరీక్షింపవలెను. ఎండలో ఆరినదానిని ఒక రాత్రి నీట నానవేసి, రెండు దుంగలపై నెత్తి, లోపల నాలుగు వ్రేళ్ల లోతున నీరు పోసి, క్రింద ఎక్కడ చెమ్మ యూరునో చూడుడు. అమ్మువాడు దీనికి ఒప్పుకొననియెడల ఆ బేరము మానుకొనుడు. తడియు ఆరుటయు మాటిమాటికి కలుగు నీటిగీత యొద్దనే మ్రాను ముందు పుచ్చును. అచ్చట మేకుమొనతో గ్రుచ్చి చూచిన మెత్తదనము తెలియును. బంకమట్టిని మాత్రము తీసివేసి క్రొత్తది పెట్టుకొనవలెను, పాతదానిని నమ్మరాదు.

ఇక మోయు బరువు. 12 అడుగుల పొడవున, 1 అడుగు వెడల్పున నీటిని తాకు దోనె ఒక అంగుళము దిగిన, ఒక ఘనపుటడుగు నీటిని త్రోసిపుచ్చును. ఆ నీటి బరువు 28 కిలోలు. కావున 56 కిలోల మనిషి యెక్కిన 2 అంగుళములు దిగును. కొనలు సన్ననివైన మఱికొంత దిగును. ఎక్కవలసినవారందఱు ఎక్కినపిదప అంచునకును నీటికిని నడుమ నాలుగంగుళములైన ఎడముండవలెనని మా యభిప్రాయము. బొగ్గుముక్కతో గీత గీసి చూచుకొనవచ్చును.

పొడవుకంటె వెడల్పునకే ఎక్కువ సొమ్ము పెట్టుడు. ఒరగకుండ నిలుపు శక్తి వెడల్పుయొక్క ఘనమునుబట్టి పెరుగును. 12 అంగుళముల వెడల్పు 15 అంగుళములైన నిలుకడ దాదాపు రెట్టింపగును. పై తరగతులవారు లెక్కవేసి చూడవచ్చును. అమెరికాలో రాల్ఫ్ సామ్యూల్సన్ అను 18 ఏండ్ల యువకుడు 1922లో పెపిన్ సరస్సుపై, పడవ తన్ను లాగుచుండగా నీటిమీద నిలువ యత్నించెను. పీపా బద్దలు మోయలేదు. మంచుపై జారు సన్నని పలకలును మోయలేదు. తుదకు 9 అంగుళముల వెడల్పు గల పలకల కొనలను వేడినీట వంచుకొని నిలిచెను. అతనిని తేల్చినది వేగము, మనలను తేల్చునది దోనె త్రోసిపుచ్చిన నీరు; అయినను వెడల్పు విషయమున ఇద్దఱికిని పాఠమొక్కటే. ఆ క్రీడలో ఒంటిపలకపై పోవగోరువారు తొలుత జంటపలకలపై నేర్చుట నేటికిని వాడుక.

మనకును జంట గలదు. రెండు దోనెలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టినదానిని సంగడి యందురు. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి గ్రీకు గ్రంథమొకటి మన తూర్పుతీరమున మ్రానులను చేర్చి కట్టిన ‘సంగర’లను పేర్కొన్నది. ఒక యింటివారు రెండు కొనలేకపోయినను, ఇరుగుపొరుగు చెఱియొకటి కొని, వరదనాడు కలిపి కట్టుకొనవచ్చును. పిల్లలను, ముసలివారిని ఎక్కించుటకు ఒంటిదోనెను మేము ఒప్పుకొనము.

సంగడియైనను నిలిచిన నీటికే. 2024లో ప్రకాశం బ్యారేజియొద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పాఱినప్పుడు కట్లు తెంచుకొన్న పెద్ద పడవలే కొట్టుకొనిపోయి గేట్లను గ్రుద్దుకొన్నవి.

ఉన్న సొమ్మంతయు దోనెకే పోయక, వెదురుగడకును, నీరు తోడు డబ్బాకును, గట్టి తాటికిని కొంత మిగుల్చుకొనుడు. మూతలు బిగించిన ఖాళీ ప్లాస్టికు డబ్బాలు నాలుగు అంచున కట్టిన, దోనె నిండినను పట్టుకొని తేలుటకు ఆధారముండును. వేసవిలో దోనెను ఎండబెట్టక చెఱువులో ముంచియుంచుడు. మా రెండవ దోనె ఇప్పుడట్లే మునిగియున్నది.